ఏకాదశి నాటి లెక్కల పరీక్ష

ప్రతి ప్రాణి దాహమూ ఎరిగినవాడు, అడగకముందే మేఘంలో నీళ్ళు దాచి ఉంచినవాడు అయిన శ్రీమన్నారాయణుడికి ముందుగా నమస్కరిస్తున్నాను. ఊహ తెలిసింది మొదలు ఆయన నామం వింటూ, పాడుతూ, పది మందికి చెబుతూ బతికాను. ఆయన నాకు గొంతు ఇచ్చాడు, జ్ఞాపకశక్తి ఇచ్చాడు, ఇంతటి ఆయుష్షు ఇచ్చాడు. నేను చేసిన పనికి ఇన్నేళ్ళూ నన్ను శిక్షించకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలో దయ ఎంత ఉందో, శిక్ష ఎంత ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన్ని స్తుతించి మొదలుపెట్టడం మా ఇంటి అలవాటు. ఇకమీద రాయబోయే దానిలో స్తుతించదగింది పెద్దగా లేదు కాబట్టి, ఆ పని ముందే చేసేస్తున్నాను.

కిందటి మాఘమాసంలో మా ఊరికి దగ్గర్లో ఉన్న పేట నుంచి హైస్కూలు హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చాడు. చిన్నవాడు, ముప్పై అయిదు దాటి ఉండవు. అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, సంగతి చెప్పాడు. బడికి కొత్తగా సైన్సు గదులు కట్టారు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకి అదే రోజు బహుమతులిస్తారు. హైస్కూలు తరగతులు మొదలైనప్పుడు తొలిసారి పాసైన విద్యార్థుల పేర్లు రాతి పలక మీద చెక్కించారు. ఆ పలక మీది తెర నేను తొలగించాలి. సంచీలోంచి కాగితం తీసి చూపించాడు. అయిదు పేర్లున్నాయి. నా పేరు అన్నిటికంటే పైన ఉంది.

"ఆరుగురం వెళ్ళాం నాయనా," అన్నాను.

"రికార్డులో అయిదే ఉన్నాయండి, తాతగారూ."

"రికార్డులో పాసైనవాళ్ళే ఉంటారు."

అతను నవ్వాడు. "మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి చాలు. మీరంతా ఉపవాసం ఉండి పరీక్ష రాశారట కదా! అది చెప్పండి. మా పిల్లలు సినిమా టిక్కెట్టు కోసం తప్ప దేనికీ ఎండలో నిలబడరు." వస్తానన్నాను. అతను వెళ్ళిపోయాక చాలాసేపు ఆ కాగితం చేతిలోనే ఉండిపోయింది. ఆ అయిదు పేర్ల కింద ఖాళీ జాగా ఉంది. అక్కడ ఉండవలసిన పేరు గున్నయ్య. మా ఉద్దానం ప్రాంతంలో నా ఈడు కుర్రవాళ్ళలో అంత చక్కగా లెక్కలు చేసినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మా ఊరు పలాసకి తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంటుంది. ఇసుక నేల, కొబ్బరితోటలు, వాటి మధ్య పనసలు, జీడిమామిళ్ళు, తోటలకి కంచెలుగా మొగలి పొదలు. మొగలి పూసే రోజుల్లో ఆ వాసన ఇంట్లోకి వచ్చి అన్నం వాసనని కూడా కప్పేసేది. ఊరంతా కొబ్బరి డొక్కలతోనే, అంటే కాయ మీది ఎండు పీచు తొక్కలతోనే, వంట. ఆ పొగ కొంచెం తియ్యగా, కొంచెం చేదుగా ఉంటుంది. మా నాన్నగారు ఊరి గుడిలో అర్చకులు. సాయంత్రాలు భజన మందిరంలో పురాణం చెప్పేవారు. ఆయన తెల్లవారుజామునే నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే స్తోత్రాలు చదువుతూ లోపలికి వచ్చేవారు. ఆయన అడుగుల వెంట నీటి చుక్కలు గచ్చు మీద వరసగా పడి ఉండేవి. ఆ చుక్కల మీద కాలు పెట్టకుండా నడవడం మా నాయనమ్మ నాకు నేర్పిన మొదటి భక్తి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మే.

ఏకాదశి వచ్చిందంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఆ రోజు పొయ్యి రాజుకోదు. ఆవిడ నీళ్ళు కూడా ముట్టదు, ఉమ్మి కూడా మింగదు. పెరట్లో తులసికోట పక్కన చాప వేసుకుని పెదవులు కదుపుతూ కూర్చునేది. మధ్యాహ్నం ఎండ చాప మీదికి వస్తే చాపతో పాటు జరిగేది. ద్వాదశి తెల్లవారగానే తులసితీర్థం పుచ్చుకుని, అటుకులు బెల్లంతో కలిపి నోట్లో వేసుకునేది. ఆ మొదటి ముద్ద నాకు పెట్టి, "ఆకలి తెలిసినవాడికే స్వామి తెలుస్తాడు రా," అనేది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఆవిడ ఉపవాసంలో కూడా లేదు.

నేను ఎనిమిదో ఏటికే భజనలో ముందు వరసలో కూర్చుని పాడేవాణ్ణి. రైతులు పొలాల నుంచి, తోటల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చేతులు కట్టుకుని నా పాట వినేవాళ్ళు. ముసలివాళ్ళు కూడా "సిన్న దాసుడు గారు" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను. స్వామి మీద ప్రేమ నాకు నిజంగానే ఉండేది. కానీ అది ఎక్కడితో ఆగి, ఆ పిలుపు మీద ప్రేమ ఎక్కడ మొదలైందో గుర్తుపట్టే వయసు కాదు. ఎవరూ గుర్తుచేయనూ లేదు.

గున్నయ్య తండ్రి కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయాడు. తల్లి గవరమ్మ తోటల్లో కొబ్బరి పీచు తీసే పనికి వెళ్ళేది. పీచు నానబెట్టే గుంటల వాసన ఆవిడ బట్టలకి పట్టి ఉండేది. ఆవిడ వచ్చిందని మాకు ముందు ఆ వాసనే చెప్పేది. ఏకాదశి భజనకి ఒక్కటీ తప్పకుండా వచ్చి, గుమ్మం పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చునేది. నేనూ గున్నయ్యా రోజూ పేటకి రెండు కోసులు నడిచి బడికి వెళ్ళేవాళ్ళం. దారి పొడుగునా అతను నోటితో లెక్కలు చేసేవాడు. ఎదురొచ్చిన బండి చక్రం ఊరు చేరేసరికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పేవాడు. నేను శ్లోకాలు చదివేవాణ్ణి. "పంతులూ, నీ దేవుడు లెక్కలు సేత్తాడా?" అని వేళాకోళమాడేవాడు. నాకు పదహారేళ్ళు కూడా నిండకముందే నన్ను పంతులూ అని పిలిచేవాడు. నేను కోప్పడితే, "సర్లే, ఆయన లెక్కలు సెయ్యడు, లెక్కలు ఆయన్ని సేత్తాయి," అని ఇంకో మాట అనేవాడు. అందులో అర్థం ఏమిటో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం నవ్వేవాళ్ళం.

పేటలో అప్పటికి ఉన్నది మిడిల్ స్కూలే. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒక హెడ్మాస్టరు గారు ఏళ్ళ తరబడి తిరిగి, అర్జీలు పెట్టి, హైస్కూలు తరగతులు తెప్పించారు. అయితే అవి తాత్కాలికం. తొలి జట్టు పెద్ద పరీక్షలో నెగ్గితే తరగతులు స్థిరమవుతాయి, తాటాకు పాక పోయి పెంకుటిల్లు వస్తుంది. తప్పితే అన్నీ ఎత్తేస్తారు. అదీకాక, పాసైనవాళ్ళలో లెక్కలు బాగా వచ్చినవాణ్ణి ఆ బడిలోనే చిన్న తరగతులకి మాస్టరుగా తీసుకుంటామని హెడ్మాస్టరు గారు అందరి ముందూ చెప్పారు. ఆయన ఎవరి వైపు చూసి చెప్పారో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ గున్నయ్య లెక్కలు చెయ్యలేదు. "మా అమ్మ పీచు గుంటలోంచి బయటికొచ్చేత్తాది, పంతులూ," అని ఒక్క మాట అన్నాడు.

పరీక్ష బరంపురంలో. ఆరుగురం వెళ్ళాలి. లెక్కల పరీక్ష రోజున ఏకాదశి పడింది. దాన్ని మా నాన్నగారు పంచాంగంలో చూసి భజన మందిరంలో చెప్పగానే పెద్దలకి ఒళ్ళు పులకరించింది. పిల్లలు ఆ రోజు ఉపవాసముండి రాస్తే ఆ పుణ్యం బడికి దక్కుతుందన్నారు. హెడ్మాస్టరు గారికి ఈ సంగతి తెలిసి పేట నుంచి గొడుగు వేసుకుని మా ఊరు వచ్చారు. "దేవుడికి మీ పిల్లల ఆకలి అక్కర్లేదు. సర్కారుకి వాళ్ళ మార్కులు కావాలి. ఆ ఒక్క పూట తిననివ్వండి," అని బతిమాలారు. పెద్దలు ఆయనకి మజ్జిగ ఇచ్చి, మర్యాద చేసి, సరేనని పంపేశారు. ఆయన గొడుగు మలుపు తిరగగానే ఎవరో, "రాజమండ్రి బుద్ధులు మనకొద్దు," అన్నారు.

బయలుదేరే ముందు రోజు మమ్మల్ని ఆరుగురినీ మందిరంలో నిలబెట్టారు. మా ఊళ్ళో మాట ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. భజన తాళాలని స్వామి ముందు బోర్లించి, వాటి మీద చెయ్యి వేసి, తులసిదళం నమిలి మింగాలి. ఆ తరవాత మాట తప్పితే ఇక ఆ తాళం చప్పుడు వినే అర్హత ఉండదంటారు. పెద్దలు అడిగింది ఉపవాసమే, అంటే అన్నం మానడం. పండో, పాలో, నీళ్ళో పుచ్చుకోవచ్చు. అప్పుడు నేను ముందుకి వచ్చాను. నన్నెవరూ అడగలేదు. "నీళ్ళు కూడా ముట్టం," అన్నాను. మా నాయనమ్మలా ఉంటానని నా ఉద్దేశం. మందిరమంతా గోవింద కొట్టింది. "గుంటడు సిన్నోడైనా మాట పెద్దది," అని ఎవరో అన్నారు. మా నాన్నగారి కళ్ళు తడిశాయి.

మిగిలిన నలుగురూ తాళాల మీద చేతులు వేశారు. గున్నయ్య నా చెవి దగ్గరికి వంగి, "ఏటి పంతులూ, దేవుడికి మన ఆకలి సాలదేటి, దాహం కూడా గావాలా? నాకు ఎండకి కళ్ళు తిరుగుతాయని నీకు తెలీదేటి?" అన్నాడు. నాకు తెలుసు. దారిలో రెండుసార్లు పడిపోతే మొగలి పొద నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది నేనే. అయినా అందరూ చూస్తున్నారని అతని వైపు తిరగలేదు. గుమ్మం దగ్గర గవరమ్మ కొడుకుని చూస్తూ చేతులు జోడించి నిలబడింది. గున్నయ్య ఆవిడ వైపు ఒకసారి చూసి, తాళం మీద చెయ్యి వేసి, తులసి నమిలాడు.

పలాసలో రైలెక్కి బరంపురం వెళ్ళాం. సత్రంలో బస. హెడ్మాస్టరు గారు మాతోనే వచ్చారు గానీ బంధువులింట్లో దిగారు. నాయనమ్మ నా మూటలో ద్వాదశి పారణకని అటుకులూ బెల్లమూ కట్టి ఇచ్చింది. ఏకాదశి నాడు తెల్లవారగానే సత్రం వెనక నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళాను. ఒక్కణ్ణే ఉన్నాను. మొదటి చేద పైకి వచ్చింది, చల్లగా ఉంది. ముందు రోజు పరీక్ష అలసట, నిద్ర లేదు, నాలిక అట్టకట్టుకుపోయింది. పుక్కిలించడానికని నోట్లో నీళ్ళు పోసుకున్నాను. ఉమ్మలేదు. మింగాను. ఒక్కసారి మింగాక ఆగడం నా వల్ల కాలేదు. దోసిళ్ళతో తాగాను. ఎలాగూ చెడింది కదా అనిపించి, మూట విప్పి అటుకులు కూడా గబగబా తిన్నాను. నాయనమ్మ చేతి బెల్లం వాసన వచ్చింది. ఏడుపు వచ్చింది గానీ తినడం మానలేదు.

వెనక్కి తిరిగేసరికి గున్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నేనే ముందు మాట్లాడాను. "పుక్కిలిస్తున్నాను," అన్నాను. అతను తల ఊపాడు. నూతి గట్టు మీద కూర్చున్నాడు. "రాతిరి నుంచి తల దిమ్ముగా ఉంది. నాను ఒక గుక్క తాగనా, పంతులూ?" అని అడిగాడు.

అతను నన్ను అనుమతి అడిగాడు. అదే నేను ఇన్నేళ్ళూ మోసింది. నేను తాగానని తెలిసి కూడా, ఆ మాట అనకుండా, నేను తల ఊపితే చాలు తాగుతానన్నట్టు అడిగాడు. నేను సరేనంటే ఇద్దరం ఒకటే అయిపోతాం. ఇద్దరికీ తెలిసిన రహస్యం ఊరికి తెలుస్తుంది. ఆ భయంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "నీ ఇష్టం. తాళం మీద చెయ్యి వేసింది నువ్వు. బడి పోతే ఆ పాపం నీది." తడి పెదవులతో అన్నాను. గున్నయ్య కాసేపు నూతిలోకి చూశాడు. లేచి, స్నానం చేసి, నోట్లోకి ఒక్క చుక్క పోకుండా పెదవులు బిగించి తల తుడుచుకున్నాడు.

పరీక్ష మధ్యాహ్నం. ఫాల్గుణపు ఎండ. హాలు బయట హెడ్మాస్టరు గారు మమ్మల్ని వరసగా చూసి, "ఏమైనా తిన్నారా?" అని అడిగారు. అందరి తరఫునా నేనే, "తిన్నామండి," అన్నాను. గున్నయ్య నా ముందు బల్ల మీద కూర్చున్నాడు. మొదటి గంట అతని కలం ఆగకుండా కదిలింది. తరవాత నెమ్మదించింది. అతని మెడ మీద చెమట ఆరిపోయి ఉప్పు తెల్లగా కనిపించింది. ఒకసారి తల బల్ల మీద ఆన్చి మళ్ళీ ఎత్తాడు. రెండోసారి ఎత్తలేదు. బల్ల మీంచి పక్కకి ఒరిగి పడ్డాడు. పర్యవేక్షకుడు చెంబుతో నీళ్ళు తెచ్చి ముఖం మీద చల్లి, నోట్లో పొయ్యబోయాడు. స్పృహ లేని మనిషి పళ్ళు బిగించాడు. అది నేను కళ్ళారా చూశాను. నీళ్ళు చెంప మీంచి కారిపోయాయి. అతన్ని వరండాలోకి మోసుకెళ్ళారు. నేను కిందికి చూసి నా లెక్కలు పూర్తి చేశాను.

ఫలితాలు వచ్చాయి. అయిదుగురం పాసయ్యాం. గున్నయ్య లెక్కల్లో తప్పాడు. బడి స్థిరమైంది. జ్యేష్ఠమాసంలో పెంకుటింటికి పునాది వేసిన రోజునే మాకు సన్మానం చేశారు. పేటలో అంత సంబరం నేను అంతకుముందు చూడలేదు. పందిరికి కొబ్బరాకులు అల్లి తోరణాలు కట్టింది గవరమ్మా, గున్నయ్యా. తెల్లవారుజాము నుంచి అల్లారు. మమ్మల్ని అయిదుగురినీ వేదిక మీద బల్ల వేసి కూర్చోబెట్టారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి నా చేతికి బహుమతి పుస్తకం ఇచ్చాడు. భజన బృందం మా చుట్టూ తిరిగి పాడింది. మా నాన్నగారు లేచి మాట్లాడారు. అయిదుగురు పిల్లలు నిర్జలంగా ఉండి స్వామికిచ్చిన మాట నిలబెట్టుకున్నారనీ, స్వామి ఫలం ఇచ్చాడనీ చెప్పారు. తరవాత కొంచెం ఆగి, "ఒకడి విషయంలో ఎక్కడో లోపం జరిగింది. స్వామికి తెలియనిది ఉండదు," అన్నారు. ఆయన కోపంతో అనలేదు. బాధతో అన్నారు. ఆయన నమ్మింది అదే.

పందిరి గుంజ దగ్గర నిలబడ్డ గున్నయ్య వైపు అందరి తలలూ తిరిగాయి. వెనక వరసలోంచి ఒకడు, "ఒరే గున్నా, బరంపురం నీల్లు తీపిగా ఉంతాయట గదా, ఎన్ని సెంబులు తాగినావేటి?" అన్నాడు. నవ్వులు. ఇంకొకడు, "సెంబు కాదురా, సెరువే తాగీసినాడు," అన్నాడు. గున్నయ్య తోరణం ముడి జారితే సరిచేస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. హెడ్మాస్టరు గారొక్కరే కుర్చీలోంచి లేచి, "పడిపోయినవాణ్ణి చూసి నవ్వుతారా?" అని అరిచారు. భజన మళ్ళీ మొదలవడంతో ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

వేదిక దిగి చేతులు కడుక్కోవడానికి వెళుతుంటే గవరమ్మ ఎదురొచ్చింది. దండతో ఉన్న నన్ను ముట్టుకోకుండా దూరంగా నిలబడింది.

"మూర్తి బాబూ, ఒక్క మాట సెప్పి ఎల్లు. నా గుంటడు నీల్లు తాగినాడా? నువ్వు పక్కనే ఉన్నావు గదా. నువ్వు నేదంటే ఊరంతా నేదంటాది."

"నేను చూడలేదు, గవరమ్మా."

"సూడనేదంటే? తాగినాడనా, తాగనేదనా?"

"నేను చూడలేదు," అన్నాను మళ్ళీ.

ఆవిడ నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. "అలాగే బాబూ," అని వెళ్ళిపోయింది. మరుసటి ఏకాదశికి మందిరం గుమ్మం దగ్గర స్తంభం ఖాళీగా ఉంది. మాట తప్పినవాడి తల్లి తాళం చప్పుడు వినకూడదని ఆవిడంతట ఆవిడే మానేసింది. ఎవరూ రమ్మని పిలవలేదు.

మళ్ళీ ఏడు పరీక్ష కట్టించడానికి హెడ్మాస్టరు గారు సిద్ధపడ్డారు. గున్నయ్యే ఒప్పుకోలేదు. ఊళ్ళో తలెత్తుకు తిరగలేకపోయాడు. బర్మాలోని రంగానికి కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ ఒకడు ఆ రోజుల్లో మా ఊళ్ళమ్మట తిరిగేవాడు. అతనికి పేరిచ్చాడు. వెళ్ళే ముందు తోట దారిలో నన్ను ఆపాడు.

"పంతులూ, బారువ రేవులో ఓడెక్కుతన్నాను."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఇంకా ఎల్లనేదు, అప్పుడే వచ్చీమంటావేటి?" నవ్వాడు. తరవాత, "ఆయేల నూతికాడ నీ మూతి మీద అటుకు అంటుకుంది. మీసం రానేదు గానీ పంతులుకి అటుకు మొలిసిందని నవ్వొచ్చింది నాకు," అన్నాడు.

నా చెయ్యి మూతి మీదికి పోయింది. "మరి ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్తే ఏటౌతాది? మీ నాన్నగారు పురానం మానేత్తారు. అప్పుడు ఊరికేటి మిగుల్తాది?" కాసేపు ఇసుక మీద కాలితో గీతలు గీశాడు. "మా అమ్మకి మాత్రం సెప్పు. నాను ఓడెక్కీసినాక సెప్పు. నాను సెప్తే నమ్మడం నేదు. కొడుకు గదా, అబద్దమాడతన్నాడనుకుంతంది. నువ్వు సెప్తే నమ్ముతాది. గుడికి ఎల్తాది."

చెబుతానన్నాను. తాళం లేదు, తులసి లేదు. ఉత్త మాట. ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. మొదట్లో నాన్నగారికి తెలుస్తుందని భయం. ఆయన పోయాక పురాణం పీఠం మీద నేను కూర్చున్నాను, ఆ పీఠం పోతుందని భయం. గవరమ్మ వీధి మీదుగా రోజూ వెళ్ళేవాణ్ణి. ఆవిడ అరుగు మీద చీపురు పుల్లలు చీలుస్తూ కూర్చునేది. ఒక్కోసారి ఆగేవాణ్ణి కూడా. "ఏటి బాబూ?" అనేది. "ఏం లేదు, బాగున్నావా?" అనేవాణ్ణి. అలా ఏళ్ళు గడిచాయి. సత్యం గురించి, మాట నిలబెట్టుకున్న మహానుభావుల గురించి నేను పురాణం చెప్పని ఊరు ఉద్దానంలో లేదు. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆవిడ ఒక వర్షాకాలంలో జ్వరంతో పోయింది. ఆఖరి రోజుల్లో కూడా మందిరంలోకి రాలేదు.

రంగంలో బాంబులు పడ్డ తరవాత కాలినడకన తిరిగొచ్చిన ఒక కంచిలి మనిషి గున్నయ్య సంగతి కొంచెం చెప్పాడు. బియ్యం మిల్లులో పని చేసేవాడట. సెలవు రోజుల్లో మనవాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు, లెక్కలు చెప్పేవాడట. బయలుదేరిన గుంపులో అతను కనిపించలేదని అన్నాడు. అంతకుమించి నాకు తెలియదు.

కిందటి నెల పేటకి వెళ్ళాను. తాటాకు పాక ఉన్న చోట మేడ ఉంది. గాజు సీసాలు, కొలబద్దలు ఉన్న సైన్సు గదులు చూపించారు. ఆడపిల్లలు సైకిళ్ళ మీద వస్తున్నారు. మధ్యాహ్నం అందరూ కలిసి కూర్చుని తింటున్నారు. మా రోజుల్లో ఎవరి మూట వారు ఎవరి చెట్టు కింద వారు విప్పుకునేవాళ్ళం. అప్పటికంటే ఇప్పుడు ఎంతో నయం. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. అయినా వేదిక ఎక్కబోతుంటే ఒక తల్లి తన కూతుర్ని నా ముందుకి తోసింది. "తాతా, దీన్ని దీవించు. పరీచ్చలయ్యేదాకా సోమవారాలు పచ్చి మంచినీల్లు ముట్టదు," అంది గర్వంగా. పిల్ల పెదవులు ఎండి ఉన్నాయి. ఆ రోజు సోమవారం. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టలేకపోయాను.

వేదిక మీద అంతా చెప్పాను. నూయి, అటుకులు, గవరమ్మ అడిగిన మాట, నేనన్న మాట. తరవాత కొందరు ఏం చెయ్యాలో తెలియక చప్పట్లు కొట్టారు. పలక మీద ఆరో పేరు చెక్కించమని అడిగాను. హెడ్మాస్టరు ఇబ్బందిగా, "కమిటీలో పెడతానండి. కానీ ఆయన పాసవలేదు కదా," అన్నాడు. న్యాయమే. ఆ తల్లి మాత్రం పిల్ల చెయ్యి పట్టుకుని, "ముసిలాయన మొక్కు సెడగొట్టీలాగున్నాడు," అనుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పిల్ల నీళ్ళు తాగిందో లేదో నేను చూడలేదు. ఈసారి అది నిజం.

ఏకాదశి నేను ఇప్పటికీ మానలేదు. స్వామిది తప్పని ఒక్కనాడూ అనుకోలేదు. మా నాయనమ్మ ఉపవాసం ఆయనకి చేరింది, గున్నయ్యది చేరింది. నాది చేరలేదు. దాన్ని చేరినట్టు చూపించి ఒక తల్లికి గుడి లేకుండా చేశాను. చెప్పవలసిన మనిషి లేకుండా పోయాక ఊరందరికీ చెప్పాను. అది చెప్పినట్టు కాదని నాకు తెలుసు.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని చేతులు జోడించమని అడుగుతున్నాను. మీ దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే పిలవండి. నా ఒక్క గొంతుకి అక్కడిదాకా వినిపించే అర్హత ఉందో లేదో నాకు తెలియదు. మీరందరూ కలిస్తే వినిపిస్తుంది. నాతో పాటు ఇంత మాత్రం అనండి: స్వామీ, గున్నయ్య నీళ్ళు తాగలేదు. ఆ సంగతి వాళ్ళమ్మకి నువ్వు చెప్పు.